చీటీపై వ్రాయని కారణం

ఇటీవల మా ఊరి వైద్యుల సంఘం, గృహహింస భరించలేక ఇల్లు విడిచిన స్త్రీలకు ఆశ్రయమిచ్చే ఒక వసతిగృహం కోసం విరాళాల సేకరణ చేపట్టింది. వయసులో పెద్దవాడినని ఆ బాధ్యత నాకు అప్పగించారు. వారం తిరిగేసరికి సంఘ భవనంలో ఒక గది నిండిపోయింది. పాత చీరలు, వాడి పక్కనపెట్టిన దుప్పట్లు, గడువు దగ్గరపడిన మందుల శాంపిళ్ళు. ఎంతో తృప్తితో నిర్వాహకురాలికి కబురు చేశాను.

ఆమె వచ్చి, అన్నీ చూసి, సౌమ్యంగానే చెప్పింది.

"డాక్టరుగారూ, పాత చీరలు మా దగ్గర చాలానే ఉన్నాయండీ. మా దగ్గరికి వచ్చేవాళ్ళు కట్టుబట్టలతో, ఒక్కోసారి కాళ్ళకు చెప్పులైనా లేకుండా వస్తారు. వాళ్ళకు కావలసినవి కొత్త లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, రోజూ వేసుకునే బీపీ, థైరాయిడ్ మాత్రలు, పిల్లలకు నోటు పుస్తకాలు. సొంతంగా బతుకుతామన్న వాళ్ళకు అద్దెగదికి అడ్వాన్సు."

కొంచెం ఆగి మళ్ళీ అన్నది. "ఇంకొక్క మాటండీ. వీళ్ళలో చాలామంది అంతకుముందు ఏదో ఒక ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళే. ఆ చీటీల మీద 'జారిపడింది' అని ఉంటుంది. రేపు కోర్టులో ఆ కాగితమే వాళ్ళకు ఎదురు తిరుగుతుంది."

ఆ మాట నన్ను సుమారు 40 ఏళ్ళు వెనక్కి తీసుకుపోయింది. అప్పుడు నేను ఒక తాలూకా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ముంజేయి విరిగిన ఒక ఇల్లాలిని భర్త తీసుకువచ్చాడు. నేను ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ అతడే జవాబు చెప్పాడు. "బావికాడ జారిపడిందండీ" అన్నాడు. జారిపడే మనిషి అరచేయి నేలకు ఆనిస్తుంది కనుక సాధారణంగా మణికట్టు దగ్గర ఎముక విరుగుతుంది. తలపై పడబోయే దెబ్బకు చేయి అడ్డుపెడితే, చిటికెనవేలి వైపు ఎముక నడిమికి విరుగుతుంది. ఎక్స్‌రేలో నాకు కనిపించినది ఈ రెండవదే. అయినా, సంసారంలో మనమెందుకు కలుగజేసుకోవాలని, చీటీపై "జారిపడుట వలన" అని వ్రాసి, కట్టు వేసి పంపివేశాను. ఆమె పేరు నాకు గుర్తులేదు. ఆ ఎక్స్‌రే మాత్రం గుర్తుంది.

నాడు ఈ విషయమై ప్రత్యేక చట్టం లేదు. 2005లో చేసిన గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. ముందుగా ఫిర్యాదు నమోదు కాలేదన్న సాకుతో బాధితురాలికి చికిత్స నిరాకరించరాదని దాని నియమాలు చెబుతున్నాయి. కానీ చట్టం లేకపోవడం వల్లనే నేను అలా వ్రాశానని చెప్పుకుంటే అది ఆత్మవంచనే.

పాత సామాను వెనక్కి పంపి, ఆమె చెప్పిన జాబితా ప్రకారం మళ్ళీ సేకరించాము. దానితోపాటు, ఖర్చులేని మూడు పనులు చేయాలని సంఘ సభ్యులందరం ఒప్పుకున్నాము. అనుమానం కలిగినప్పుడు తోడు వచ్చినవారిని బయట కూర్చోబెట్టి రోగితో ఒంటరిగా మాట్లాడటం. ఆమె చెప్పిన కారణాన్ని ఆమె మాటల్లోనే, గాయాల స్థానం, పరిమాణం, రంగుతో సహా నమోదు చేయడం. ఆ కాగితం నకలు ఆమె క్షేమంగా దాచుకోగలిగే విధంగా ఇవ్వడం.

పాఠకులకు నా మనవి. మీ ఇరుగుపొరుగున ఎవరైనా తరచూ "జారిపడుతుంటే", లేక కారణం తెలియని తలనొప్పి, నిద్రలేమితో బాధపడుతుంటే, ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా పలకరించండి. 181 మహిళా సహాయవాణి. ప్రాణాపాయమైతే 112. సఖి కేంద్రాలలో వైద్యం, న్యాయసలహా, తాత్కాలిక వసతి ఒకేచోట లభిస్తాయి. ఆమె వెంటనే ఇల్లు విడవకపోతే కోపగించుకోకండి. ఎప్పుడు వెళ్ళాలో, ఎలా వెళితే ప్రమాదం తక్కువో మనకన్నా ఆమెకే బాగా తెలుసు.