కర్మణి ప్రయోగం

ఇరవై తొమ్మిదేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పాను. ప్రతి సంవత్సరమూ కర్తరి, కర్మణి ప్రయోగాల పాఠం వచ్చేది. "రాముడు రావణుని చంపెను" కర్తరి. "రాముని చేత రావణుడు చంపబడెను" కర్మణి. ఈ 'బడు' తెలుగు నుడికారానికి అంతగా పొసగదని, మన అవ్వలెవ్వరూ "అన్నం వండబడింది" అనరని ఒక మాట అని, పరీక్షలో రెండు మార్కులకు వస్తుంది కనుక నేర్చుకోండని ముగించేవాణ్ణి. ఆ పాఠం నా ఇంటి గడప తొక్కుతుందని 2019 వేసవి వరకు అనుకోలేదు.

ఆ వేసవిలో నా చెల్లెలి మనవడికి జ్వరం పట్టుకుని వదలలేదు. తొమ్మిదేళ్ళవాడు. చంద్రగిరి కోటగోడల మీద మేకపిల్లలా ఎక్కి దిగేవాడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడసాగాడు. కాళ్ళ మీద కమిలిన మచ్చలు కనిపిస్తే ఎక్కడో పడ్డాడనుకున్నాము. రక్తపరీక్ష చేసిన తిరుపతి డాక్టరు ఎక్కువ మాట్లాడక, రేపే చెన్నై వెళ్ళండన్నాడు. అక్కడ ఎముక మజ్జ తీసి చూసి, తీవ్రమైన లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా అన్నారు. రక్తకణాలు పుట్టే చోటనే పుట్టే క్యాన్సరు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సరు ఇదేననీ, నయమయ్యే అవకాశం బాగా ఉన్నదనీ చెప్పారు. ఆ రెండో మాట మాలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

మూడవ రోజున నా మేనల్లుడి చేతిలో పద్నాలుగు పేజీల కాగితాలు పెట్టారు. వాడు సాయంత్రం నాకు ఫోను చేశాడు. "మామా, ఏందో సమ్మతి పత్రమంట. తెలుగులోనే ఉండాది గానీ ఒక్క ముక్క అర్థం కాలా. నువ్వొచ్చి చదివి చెప్పు. నువ్వు చెయ్యమంటే సంతకం చేస్తా."

ఆ చివరి మాటకు నాకు ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు.

ఆసుపత్రి వరండాలో కూర్చుని చదివాను. లిపి తెలుగే. "రోగికి ఔషధము ఇవ్వబడును. రక్త నమూనాలు సేకరించబడును. పాల్గొనువారు యాదృచ్ఛికీకరణ ద్వారా రెండు సమూహములలో ఒకదానికి కేటాయించబడుదురు. ప్రతికూల సంఘటనలు నమోదు చేయబడును." పద్నాలుగు పేజీలలోనూ పని చేసేవాడు ఒక్కచోటా కనబడడు. ఎవరు ఇస్తారు? ఎవరు తీసుకుంటారు? ఎవరు కేటాయిస్తారు? పిల్లవాడికి ఏమైనా అయితే రాత్రి రెండు గంటలకు ఏ తలుపు తట్టాలి? కర్త లేని వాక్యానికి జవాబుదారీ ఉండదని అంతవరకు నాకు తట్టలేదు. నా విద్యార్థి ఎవడైనా అటువంటి తెలుగు వ్రాసి ఉంటే ఎర్రసిరాతో కొట్టివేసి ఉండేవాణ్ణి.

ఈలోగా మా చెల్లెలు ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. "అన్నా, ప్రయోగమంటా ఉండారే. మన బిడ్డ మీద ప్రయోగమేందన్నా?"

మా వైపు పల్లెల్లో ప్రయోగమంటే చేతబడి. ఎవరికైనా అంతుపట్టని జబ్బు చేస్తే "ఎవరో ప్రయోగం చేయించినారు" అంటారు. నాకు అది వ్యాకరణం మాట, డాక్టర్లకు శాస్త్రం మాట, దానికి నిమ్మకాయలూ ముగ్గూ పసుపూ. నేను నవ్వలేదు. దాని భయంలో అక్షరం తప్పయినా అర్థం తప్పు కాదు.

ఖమ్మం జిల్లా సంగతి నాకు గుర్తుంది. 2009లో అక్కడి గిరిజన ప్రాంతాలతో సహా మూడు మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. కొందరు బాలికల మరణాల వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసిన పత్రాలు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. తప్పు సంతకంలో ఉంది.

ఆ వార్త చదివిన రోజున నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఊళ్ళో లేని తండ్రుల బదులు "సంరక్షకుడు" అన్న గీత మీద నేను సంతకం చేసిన కాగితాలు ఎన్ని! విహారయాత్రలకు, వైద్య శిబిరాలకు, ఇంకా వేటివేటికో. చదివి చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు మేనల్లుడు "నువ్వు చెయ్యమంటే చేస్తా" అంటుంటే, నేను మళ్ళీ ఆ గీత మీదనే నిలబడి ఉన్నాను.

అందుకని ఒక పని చేశాను. ఒక నోటుపుస్తకం కొని, పద్నాలుగు పేజీలనూ కర్తరిలోకి తిరగవ్రాశాను. కర్త తెలియని ప్రతిచోటా ఖాళీ వదిలాను. ఇరవై మూడు ఖాళీలు వచ్చాయి. వాటిని పట్టుకుని ఆ విభాగంలోని చిన్న డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. సరిహద్దువాళ్ళం కనుక నా అరవం నడిచింది. ఆమె విసుక్కోలేదు, గంటంబావు కూర్చుంది. ఇరవై మూడు ఖాళీల్లో ఇరవై ఒకటి నింపింది. మిగిలిన రెండింటికి "నాకూ తెలియదు, కనుక్కుని చెబుతాను" అంది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ రెండింటి వల్లనే.

తీరా తేలినది ఏమంటే, అందులో కొత్త మందే లేదు. మొదటి దశలో పిల్లలకు స్టెరాయిడు ఇస్తారు. అది క్యాన్సరు కణాలను చంపుతుంది, దానితోపాటు ఒంటి కాపలాను కూడా పడగొడుతుంది. మన దేశంలో కొందరు పిల్లలు జబ్బుతో కాక, చికిత్స నడుమ వచ్చే అంటురోగాలతో పోతున్నారు. కనుక స్టెరాయిడును వాడుకలో ఉన్నట్టు పూర్తికాలం ఇవ్వాలా, కొన్ని రోజులు తగ్గించినా సరిపోతుందా అన్నది వాళ్ళ ప్రశ్న. ప్రయోగమంటే ఎప్పుడూ కొత్త విషమేదో పోసి చూడడమని నేను అనుకునేవాణ్ణి. తక్కువ చాలదా అని అడగడం కూడా ప్రయోగమే.

ఎవరికి పూర్తి, ఎవరికి తక్కువ అన్నది కంప్యూటరు చీటీ వేసి చెబుతుంది. ఇది చెప్పగానే మేనల్లుడు లేచి నిలబడ్డాడు. "చీటీలేసి చూస్తారా మామా, నా బిడ్డకి? చదువుకున్న డాక్టర్లు గదా, వాళ్ళకి తెలీదా?"

వాళ్ళకు తెలియదు కనుకనే. దీన్ని ఎలా చెప్పాలా అని ఆలోచించి మా బడి సంగతి చెప్పాను. మా ప్రధానోపాధ్యాయుడొకడు చురుకైన పిల్లలనందరినీ ఏ సెక్షనులో వేసి, ఏడాది చివర ఏ సెక్షను మాస్టరే గొప్పవాడని శాలువా కప్పేవాడు. బీ సెక్షను నాది! పిల్లలను చీటీలు వేసి పంచి ఉంటే ఎవరి పాఠం ఎంతటిదో తేలేది. డాక్టరే ఎంచితే, జాలితోనైనా, నీరసంగా ఉన్న పిల్లలను ఒకవైపే వేస్తాడు. ఆ తరువాత వచ్చే లెక్కకు విలువ ఉండదు. మేనల్లుడు ఆ పోలికకు ఒప్పుకున్నట్టే తల ఊపాడు. నా శాలువా బాధ ఇన్నాళ్ళకు ఒకందుకు పనికివచ్చింది.

ఐసీఎంఆర్ నియమాల ప్రకారం ఏడేళ్ళు దాటిన పిల్లవాణ్ణి కూడా అడగాలి, వాడి నోటిమాటగానైనా ఒప్పుకోలు తీసుకోవాలి. డాక్టరమ్మ వాడి మంచం అంచున కూర్చుని, రెండు రకాలుగా మందు ఇవ్వవచ్చుననీ, ఏది మేలో తమకు తెలియదనీ, ఇష్టం లేకపోతే వద్దనవచ్చుననీ, వద్దన్నా వైద్యం ఆగదనీ చెప్పింది. నేను తెలుగు చేశాను. ఒక్క 'బడు' కూడా రానివ్వలేదు. వాడు కాసేపు సెలైను గొట్టంకేసి చూసి, "తాతా, ఆ చీటీ నేనే తీయొచ్చా?" అన్నాడు.

మేనల్లుడు సంతకం చేశాడు. చేయమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. చదివి వినిపించాను, అంతే. కంప్యూటరు వాడిని పూర్తికాలం వైపు వేసింది. అంటే, ప్రయోగంలో చేరకపోయినా వాడికి దొరికే వైద్యమే. మా చెల్లెలు వెంకన్నకు దండం పెట్టుకుంది. మేనల్లుడు మాత్రం "అయితే మనకేమొరిగింది మామా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

మొదటి నెలలు గడిచాక నిలకడ చికిత్స మొదలయింది. రోజూ మింగే మాత్ర ఒకటి, వారానికి ఒక్కరోజే మింగేవి మరికొన్ని. వారం మాత్రలు పసుపుపచ్చగా గోరంత ఉండేవి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పని మరీమరీ హెచ్చరించారు. మా చెల్లెలు దానికి శనివారం ఎంచుకుంది, మరచిపోయే ప్రసక్తి లేదని. ఒక శనివారం ఆ అట్ట వెనుక పేరు చదివాను: మెథోట్రెక్సేట్. ఈ పేరును నేను మా బడిలోనే, వేరొక పాఠంలో చెప్పి ఉన్నాను.

యల్లాప్రగడ సుబ్బారావుగారి పాఠం అది. 1895లో భీమవరంలో పుట్టి, స్ప్రూ వ్యాధికి ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకుని, తానూ దాని నుంచి బయటపడి, 1923లో అమెరికా చేరినవాడు. ఆ వ్యాధి పేగులను పాడుచేసి రక్తాన్ని పలచబరుస్తుంది. లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1940లలో, ఆ రకం రక్తహీనతకు మందయిన ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ కోవకు చెందిన పదార్థాలను ల్యుకీమియా పిల్లలకు ఇచ్చి చూస్తే, వ్యాధి తగ్గకపోగా ఊపందుకున్నట్టు తోచింది. అయితే దీనికి విరోధిని ఇస్తే? సుబ్బారావుగారి బృందం ఆ విరోధినీ చేసి ఇచ్చింది. ఫోలిక్ ఆమ్లం అణువులో కొద్ది మార్పు, అంతే. కణం నిజమనుకుని పట్టుకుంటుంది, పట్టుకున్నాక విడిపోలేక ఆగిపోతుంది. దాని పేరు అమినోప్టెరిన్. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్.

1948 జూన్ 3న ఫార్బర్ బృందం ఫలితాలు ప్రకటించింది. పదహారు మంది పిల్లలు. పది మందిలో మెరుగు కనిపించింది. వ్యాసం శీర్షికలోనే "తాత్కాలిక" అన్న మాట పెట్టారు, ఆ నిజాయితీకి నేను తలవంచుతాను. ఆ కాలపు వైద్యుల్లో చాలామంది, ఈ పిల్లలను ప్రశాంతంగా పోనివ్వక ఈ హింస ఎందుకన్నారు. రోగి ఇష్టపూర్వక సమ్మతి తప్పనిసరి అన్న న్యూరెంబర్గు తీర్పు వచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదు. మనం ఎరిగిన సమ్మతి పత్రాలు, నైతిక సంఘాలు ఇంకా పుట్టలేదు. సుబ్బారావుగారు ఆ ఆగస్టులోనే, యాభై మూడేళ్ళకే వెళ్ళిపోయారు. ఆ తరువాత ఒక్కొక్క మందునూ కలుపుతూ, చీటీలు వేస్తూ, ఒకదానిపై ఒకటిగా జరిగిన పరీక్షల వల్ల సంపన్న దేశాల్లో ఈ జబ్బుతో వచ్చిన పిల్లల్లో నూటికి తొంభైమంది దాకా బ్రతుకుతున్నారు. మన దగ్గర ఇంకా అంత లేదు.

బడిలో నేను ఈ పాఠాన్ని ఎలా చెప్పేవాణ్ణి? "తెలుగువాని చేత క్యాన్సరు మందు కనుగొనబడినది." ఆ మందు మింగినవాళ్ళ ఊసు ఆ వాక్యంలో లేదు. పదహారు మంది అని కూడా ఏనాడూ చెప్పలేదు. వాళ్ళలో ఎవరి తల్లో కూడా "అయితే మాకేమొరిగింది?" అని అడిగే ఉంటుంది. ఆ శనివారం మా చెల్లెలికి ఈ కథంతా చెప్పాను. అది మాత్రను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఆ బిడ్డలు ఎన్నేండ్లోళ్ళు అన్నా?" అంది. మొదట వైద్యం మొదలుపెట్టిన బాలుడికి రెండేళ్ళని, కవలల్లో ఒకడని చెప్పాను. అది ఇంకేమీ అడగలేదు.

మా చంద్రగిరి స్టేషను మీదుగా పాకాల, చిత్తూరు దాటి కాట్పాడి పోయే రైళ్ళలో ఎప్పుడు ఎక్కినా ఒళ్ళో ఎక్స్‌రే కవర్లతో నలుగురైనా కనిపిస్తారు, వేలూరు వెళ్ళేవాళ్ళు. 2024 డిసెంబరులో ఆ వేలూరు నుంచే ఒక సంగతి వచ్చింది. తీవ్రమైన హీమోఫీలియా, అంటే గాయమైతే రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్న ఐదుగురికి, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వాళ్ళ మూలకణాలనే బయటకు తీసి, లోపించిన జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించారు. అందరినీ కలిపి ఎనభై ఒక్క నెలలు గమనిస్తే రక్తస్రావాలు సున్న. ఇదివరకైతే ఆ సున్న దగ్గరే ఆగి సంతోషించేవాణ్ణి. ఇప్పుడు ఆ ఐదుగురి మీదకు పోతోంది మనసు. మూలకణాలు ఎక్కించే ముందు ఉన్న మజ్జను మందులతో ఖాళీ చేస్తారు. మునుపు ఎవరూ నడవని దారిలో ఆ గదిలోకి వెళ్ళిన ఐదుగురు.

మా వాడి చికిత్స 2021 చివరలో ముగిసింది. ఇప్పుడు నాకంటే పొడుగు. ఆ రోజులు వాడికి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ నోటుపుస్తకం వాడి కంటపడింది. ఒక పూటంతా అరుగు మీద కూర్చుని చదివాడు. చదివి లోపలికొచ్చి అడిగాడు.

"తాతా, చివరికి ఏది మేలని తేలింది? ఎక్కువ దినాలా, తక్కువ దినాలా?"

నాకు తెలియదు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పద్నాలుగు పేజీల చివరి పేరాలో ఉండనే ఉంది: "అధ్యయన ఫలితములు తగిన సమయమున తెలియజేయబడును." దాన్ని తిరగవ్రాసినప్పుడు కర్త స్థానంలో వదిలిన ఖాళీ, డాక్టరమ్మ నింపని రెండింటిలో ఒకటి.

మొన్న ఆ ఆసుపత్రికి ఉత్తరం వ్రాశాము. మాటలు వాడివి, అక్షరదోషాలు దిద్దింది నేను. కింద సంతకం వాడిదే.