బొమ్మ దొర్లుతోందా? ముందు సింక్ చూడండి

పాత గేముల కోసం పిక్చర్ ట్యూబ్ ఉన్న సోనీ పీవీఎం మానిటర్ తెచ్చుకున్నవాళ్లు బొమ్మ పైకీ కిందికీ దొర్లగానే ట్యూబ్ పోయిందని బెంబేలెత్తిపోతున్నారు. చాలాసార్లు ట్యూబ్‌కి ఏమీ కాదు.

ఆర్‌జీబీలో రంగులు మూడు తీగల్లో వస్తాయి. గీత ఎక్కడ మొదలవ్వాలో, ఫ్రేమ్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పేది నాలుగో తీగ, సింక్. దాన్ని ఎక్స్‌టర్నల్ సింక్ సాకెట్‌కి తగిలించి, ముందువైపు ఉన్న ఎక్స్‌టర్నల్ సింక్ బటన్ కూడా నొక్కాలి. లేదంటే రంగులు వస్తాయి గానీ బొమ్మ నిలవదు.

నిలిచినా తెలుపు మరీ మండిపోతోందా? 75 ఓమ్‌ల టెర్మినేషన్ చూడండి. అది లేకపోతే సిగ్నల్ వోల్టేజీ దాదాపు రెట్టింపవుతుంది.

పీసీ వీజీఏ తగిలిస్తే బొమ్మ చీలికలైపోతోందా? పాత కన్సోళ్లు సెకనుకు సుమారు 15,700 గీతలు పంపితే, వీజీఏ 31,000కి పైగా పంపుతుంది. సెకనుకు 15 వేల గీతల స్థాయికి, అంటే 15 కిలోహెర్ట్జ్‌కి చేసిన మానిటర్ దాన్ని అందుకోలేదు.

పని తెలియకుండా మూత మాత్రం విప్పొద్దు. స్విచ్ ఆపేసినా ట్యూబ్‌లో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉండొచ్చు.

ఈ ట్యూబ్ మానిటర్లు ఇక కొత్తగా తయారు కావు. పాడైందని పాత సామాన్లకి వేసేముందు దయచేసి ఒక్కసారి కేబుల్ మార్చి చూడండి.