పడుగెక్కిన తరవాత

మా మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి బిందెడు పానకం పట్టుకెళ్ళినా, చెంబుడు పట్టుకెళ్ళినా సగమే పుచ్చుకుని, మిగతా సగం మనకే వదిలేస్తాడని ప్రతీతి. ఈ సంగతి మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఉగ్గుపాలతో తెలుసు. దాన్ని నా మీద ప్రయోగించవచ్చని మాత్రం, గుంటూరు యార్డులో ఒక మిరపకాయల కమిషన్ వ్యాపారి నోరు విప్పేదాకా నాకు తెలియదు.

"దేవుడే సగంతో సరిపెట్టుకుంటాడు గదయ్యా, నువ్వు బిల్లులో సగం పుచ్చుకోలేవా?" అన్నాడాయన, గుమాస్తా తెచ్చిన సోడా నేనింకా తాగకముందే.

నాది సాఫ్ట్‌వేర్ పని. పెద్ద కంపెనీ అనుకునేరు. మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, నేను, సాయానికి ఒక కుర్రాడు, అంతే. ఎవరి వ్యాపారానికి తగ్గట్టు వాళ్ళకి ప్రోగ్రాం రాసిపెడతాం. రెడీమేడ్ చొక్కా కొట్లో దొరుకుతుంది, మాది కొలతలు తీసి కుట్టే వ్యవహారం. కాకపోతే దర్జీ దగ్గరికెళ్ళినవాడెవడూ చొక్కా సగం కుట్టాక "దీన్నే లాల్చీ చేసెయ్" అనడు. మా దగ్గరికొచ్చిన పార్టీ అంటాడు.

ఈయన పని లక్షా 20 వేలకి ఒప్పుకున్నాను. గడువు మూడు నెలలు. సంక్రాంతి దాటితే కొత్త సరుకు దిగుతుంది, ఆలోగా అయిపోవాలి. 18 అంశాలు కాగితం మీద రాసుకుని సంతకాలు కూడా చేసుకున్నాం. తీరా మొదలెట్టాక, తేజ కాయనీ తాలునీ ఒకే పద్దులో ఎట్టా వేశావన్నాడు. విడదీశాను. శీతల గిడ్డంగిలో పెట్టింది, యార్డు భాషలో 'ఏసీ సరుకు', దాని అద్దె వేరే చూపించాలన్నాడు. చూపించాను. ఆ తరవాత రైతుకి ముందుగా ఇచ్చిన బాకీ మీద వడ్డీ, అది తక్‌పట్టీలో ఎక్కడ కొయ్యాలి, హమాలీ ఖర్చు దానికి పైన రావాలా కింద రావాలా... "రెండు గడులే గదా!" అనేవాడు ప్రతిసారీ.

న్యాయంగా చెప్పాలంటే, ఆయన అడిగినవన్నీ కావలసినవే. మొదటిరోజు ఆయనకి గుర్తు రాలేదు, నాకు అడగడం తెలియలేదు. పాతికేళ్ళుగా కళ్ళు మూసుకుని చేస్తున్న వ్యాపారం, తెర మీద కనబడితేగానీ ఎట్టా నడుస్తోందో ఆయనకే తెలియలేదు మరి.

మూడు నెలల పని ఏడు నెలలు పట్టింది. కుర్రాడి జీతం కోసం మా ఆవిడ గొలుసు బ్యాంకుకెళ్ళింది. "మీ ప్రోగ్రాంలో వడ్డీ లెక్క బ్రహ్మాండంగా వస్తుందిట గదా, నా గొలుసు మీద ఎంతయిందో కాస్త చూసి చెప్పండి" అంది ఒకనాడు అన్నం వడ్డిస్తూ. నేను పప్పులో ఉప్పు చాలలేదన్నాను.

ఈ తలనొప్పి నా ఒక్కడిదే కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో ఈ వృత్తిలో తలపండినవాళ్ళు 17 మంది కూడి, 'ఎజైల్' అని ఒక ప్రకటన రాసుకున్నారు. ఒప్పందం గురించి బేరాలాడడం కన్నా పార్టీని పక్కన కూచోబెట్టుకుని పని చెయ్యడం మేలన్నది అందులో ఒక ముక్క. వారిలో కెంట్ బెక్ అనే ఆయన అంతకుముందే, 1999లో, ఇంకొకాయనతో కలిసి డబ్బూ గడువూ బిగించి, పని జాబితాని వదులుగా ఉంచమని రాశాడు. నేను అదంతా చదివాను. చదివి లక్షా 20 వేలకి సంతకం పెట్టాను!

బోధపడింది మాత్రం మా వీధి చివర మగ్గం గుంటలో. అక్కడ నేసే ఒక పెద్దాయన్ని మేమంతా బాబాయి అంటాం. నా గోడు విని నాడె ఆపాడు.

"అబ్బాయ్, పడుగు మగ్గానికెక్కకముందు ఎన్నయినా చెప్పనీ. ఎక్కినాక పడుగు రంగు మారదు. అంచు జరీ కూడా పడుగులోదే, అదీ మారదు. పేక మారుద్ది, కొంగు మారుద్ది. ఒక చీర నేసి చూపిస్తా. తరవాత దానికి ఏం కావాలో అడుగుతా. మారిస్తే మజూరీ ఎంత పెరుగుద్దో అప్పుడే చెప్తా. నేసినాక చెప్తే ఎవడిస్తాడు?"

మరుసటేడు అదే వ్యాపారి శీతల గిడ్డంగి లెక్కలకని మళ్ళీ కబురు పెట్టాడు. వెళ్ళొద్దంది మా ఆవిడ. వెళ్ళాను. రెండు వారాలకొకసారి, శనివారం, చేసినంత చూపిస్తాను. ఆ గంటా గుమాస్తా కాదు, మీరే కూచోవాలి. చూశాక 25 వేలివ్వండి. తరవాతి రెండు వారాలకి ఏం కావాలో అప్పుడు చెప్పండి. వద్దనుకుంటే అక్కడికి ఆపెయ్యండి. ఇదీ నా షరతు.

"మొత్తం ఎంతవుద్దో తెలవకుండా ఎవడన్నా ఇల్లు కట్టిస్తాడా?" అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఆరు విడతలు, లక్షన్నర దాటదన్నాను. దాటేట్టుంటే జాబితాలోంచి ఏది తీసెయ్యాలో మీరే చెప్పాలన్నాను. ఏది పడుగో, అంటే తరవాత కదిలిస్తే మొత్తం విప్పాల్సిందేదో, అది మాత్రం మొదటి రెండు రోజులూ కూచుని ఇద్దరం తేల్చుకున్నాం.

మొదటి శనివారం గుమాస్తానే పంపాడు. చూపించకుండా వచ్చేశాను. రెండోసారి తనే వచ్చాడు. చిత్రమేమిటంటే, వెనకటేడు రోజుకొకటి తగిలించిన మనిషి, ప్రతి రెండు వారాలకీ జేబులోంచి డబ్బు తియ్యాల్సి వచ్చేసరికి, "ఇదెవడు చూస్తాడయ్యా, తీసెయ్" అంటూ జాబితా తనే కొట్టెయ్యడం మొదలెట్టాడు. అయిదు అంశాలు అట్లా పోయాయి.

నాలుగో విడతకి "బాగుంది, ఇక చాలు" అన్నాడు. నా గుండె జారింది. మిగిలిన 50 వేలూ నేను మనసులో ఎప్పుడో బ్యాంకుకి కట్టేసి గొలుసు విడిపించేశాను. ఎప్పుడైనా ఆపెయ్యవచ్చని అన్న నోరు నాదే, ఏమనగలను? సోడా తాగి వచ్చేశాను.

మే నెలలో యార్డుకి వేసవి సెలవులిచ్చాక ఫోను చేశాడు. తీరిగ్గా ఉన్నాట్ట. రెండు వారాల పనేదో కొత్తగా తోచిందిట. ఈసారి తనే మంగళగిరి వస్తున్నాడు, ఎటూ కొండకి పానకం మొక్కుంది, అది తీర్చుకుని మేడ మీదికొచ్చి తెర చూస్తానన్నాడు.

"చెంబొకటి తెచ్చుకో, సగం నీకే" అన్నాడు.

"25 వేల మాటేమిటి?" అంది మా ఆవిడ, పక్కనుంచి, ఫోను దాకా వినబడేట్టు.