పాత నాణేల పుస్తకం చిత్తు కాగితాలకు ఎయ్యాల్నా?



వరికోతలు అయినంక ఇల్లు సదురుతుంటే అటక మీదికెళ్లి పాత నాణేల పుస్తకం కింద పడ్డది. ఎన్కట హైదరాబాద్ కోఠిల ఫుట్‌పాత్ మీద కొన్నది. ఒక్కో నాణెం బొమ్మ, తూకం, వెండి ఎంత, ధర ఎంత అని ఉంటది. "బాపూ, గిండ్ల ధరలన్నీ పాతయే. పాత పేపర్లాయనకు ఎయ్యి" అన్నడు కొడుకు.

ధరల వరకు వాడన్నది నిజమే. పోయినేటి మార్కెట్ రేటు పట్టుకొని ఈ ఏడు వడ్లు అమ్ముతమా?

కానీ పోయినేడు మా చిన్నమ్మ సందుగల దాసుకున్న రూపాయి బిళ్లలు అమ్మబోతే, షాపాయన "అన్నీ కల్తీ, సగం వెండే" అని ఒక్క లెక్క కట్టిండు. నేను ఇంటికొచ్చి పుస్తకం తెరిచిన. చార్మినార్ బొమ్మ హాలీ రూపాయి 11.18 గ్రాములు, నూటికి 81.8 పాళ్లు వెండి. ఇంగ్లీషోళ్ల రూపాయి 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు. అందుకే అప్పట్ల 7 హాలీ రూపాయిలిస్తే 6 ఇంగ్లీషు రూపాయిలు వచ్చేటియి. 1940 నుంచి ఇంగ్లీషు రూపాయిల వెండి సగానికి దించిండ్రు, యుద్ధం నడిమిట్ల హాలీల గూడ తగ్గింది. అంటే షాపాయన మాట కొన్ని బిళ్లలకే నిజం. బిళ్ల మీది సాలు చూసి ఏర్పాటు చేసి, వేరువేరుగ తూకం ఏపిస్తే చిన్నమ్మకు న్యాయమైన పైసలు వచ్చినయ్. ధర మారుతది గని తూకం మారదు.

ఇంకో ముచ్చట. 1908ల లండన్ బ్రిటిష్ మ్యూజియం కోసం రాప్సన్ అనేటాయన శాతవాహనుల నాణేల పుస్తకం రాసిండు. అందుల సిముకుని నాణెం లేదు. 1970లల్ల మన ధర్మపురి పక్కన, గోదారి ఒడ్డు కోటిలింగాలల దొరికిన నాణేలు చదివి, పరబ్రహ్మశాస్త్రి గారు చిముక పేరు బయటపెట్టిండ్రు. గోబద, నారన, సమగోప అనే రాజుల పేర్లు గూడ అక్కడి నాణేల మీదనే తెల్సినయ్. మరి రాప్సన్ పుస్తకం పనికిరానిదా? దాంట్ల లేదు గాబట్టే ఇది కొత్త సంగతి అని లోకానికి తెల్సింది.

పాత పహాణీ ఎందుకు దాసుకుంటం? అందుల రాసిన పంట ఇయ్యాల చేన్ల ఉండది. కానీ తగాదా వస్తే అదే దిక్కు. ఇదీ గంతే.

నా మాటేందంటే, ఉత్త ధరల పట్టికలైతే తీసెయ్యుండ్రి. బొమ్మలు, తూకాలు, సాలు ఉన్నది ఒక్కటి ఉంచుకోండ్రి. ఇయ్యాల్టి రేటు పక్కన పెన్సిల్‌తోని రాసుకోండ్రి.

నాగలికి పాత నాణేలు తగిలితే చింతపండుతోని తోమకుండ్రి, అక్షరాలు పోతయ్. అమ్ముకోకుండ్రి గూడ. 1878 చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాలె.

మా పుస్తకం మళ్ల అటకెక్కలేదు. బీర్వాల పాస్‌బుక్కుల పక్కన పెట్టిన.