అర్జీకి దారేది?

అమెరికాలో ఏదైనా రాష్ట్రపు జైల్లో కాపలావాడు కొట్టినా, జబ్బుకు మందివ్వకపోయినా ఖైదీ 1871 నాటి పౌరహక్కుల చట్టం కింద ఫెడరల్ కోర్టుకు పోవచ్చు. కాకపోతే 1996లో వచ్చిన ఖైదీల వ్యాజ్యాల చట్టం ముందొక షరతు పెట్టింది. మొదట జైలు అధికారులకే అర్జీ పెట్టాలి, వాళ్లు కాదంటే పైవాళ్లకు, ఆ మెట్లన్నీ ఎక్కాకే కోర్టు. కాలిఫోర్నియాలో ఒక ఖైదీ 15 పనిదినాల గడువు దాటాక అర్జీ ఇస్తే, 2006లో సుప్రీంకోర్టు అతని దావా చెల్లదంది. పదేళ్ల తర్వాత రాస్ కేసులో మాత్రం, పేరుకే ఉండి పనిచెయ్యని మెట్టు ఎక్కనక్కర్లేదని చెప్పింది.

హ్యూస్టన్‌లో కూర్చుని ఈ తీర్పులు చదువుతుంటే నా మనసు సిరిసిల్లకే పోతుంది.

2005లో దుబాయ్‌లో జరిగిన నేపాలీ కాపలాదారు హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతం వాళ్లు అయిదుగురికి శిక్ష పడింది. 2011లో అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ వెళ్లి, మృతుని కుటుంబానికి 15 లక్షలు ముట్టజెప్పి, క్షమాపత్రం రాయించుకొచ్చారు. అయినా వాళ్లలో కొందరు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో! క్షమాపత్రం చేతికొచ్చాక కూడా పన్నెండేళ్లకు పైగా గడిచాయి. వాళ్లు దుబాయ్ పోయేటప్పుడు పసివాళ్లుగా ఉన్న పిల్లలు పెద్దవాళ్లయ్యేంత కాలమది.

తిహార్ జైలు నుంచి ఖైదీ సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే మన సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. ఆ దయ గల్ఫ్ జైలు గోడ దాటదు. జగిత్యాలలోనో కోరుట్లలోనో ఉన్న గల్ఫ్ ఖైదీ భార్యకు కలెక్టరేట్, ఎమ్మెల్యే ఇల్లు, పంపిన ఏజెంటు, దూరాన ఉన్న ఎంబసీ అన్నీ ఒక్కలాగే కనబడతాయి. అమెరికా చట్టం కఠినమే, అన్యాయమే అంటాను. కానీ అక్కడ మెట్లేవో ముందే రాసి ఉంటాయి. మనవాళ్లకు ఆ మెట్లెక్కడున్నాయో చెప్పే మనిషే లేడు.

అందుకే ఆ ఇళ్లవాళ్లకు నా మనవి. విదేశాంగశాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి, ఆ నంబరు భద్రంగా పెట్టుకోండి. పాస్‌పోర్టు నకలు, కేసు నంబరు, జైలు పేరు ఒక్కచోట ఉంచండి. కాన్సులేట్ అధికారిని జైలుకు వెళ్లి కలవమని రాతపూర్వకంగా అడగండి. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం ఆ అధికారికి అక్కడికి వెళ్లి మాట్లాడే హక్కుంది. నోటిమాటతో ఆగిపోకండి, ప్రతి అర్జీకి రసీదు తీసుకోండి.