విద్యార్థి యెంత యెదిగెను?

ప్రోగ్రెసు రిపోర్టు చేతి కందిన వెంటనే తల్లిదండ్రులు మమ్ము నడుగు ప్రశ్న యొక్కటే: "మావాడికి ఎన్ని మార్కులు వచ్చాయి మాస్టారూ?" కొందఱు ప్రక్కింటి పిల్లవాని మార్కులను గూడ నడుగుదురు. జూను నెలలో వాడెక్కడ నుండెను, మార్చి నాటి కెంతదూరము వచ్చెను అని యడిగినవారిని మేము వ్రేళ్లమీద లెక్కింపగలము. ఈ రెండు ప్రశ్నలును ఒకటి కావు.

ఉపాధ్యాయ కళాశాలలో శిక్షణ పొందుచున్న దినములలో మేము ఇంగ్లండు దేశపు 1862వ సంవత్సరపు విద్యా నిబంధనలను గూర్చి చదివితిమి. రాబర్టు లో అను మంత్రి ప్రవేశపెట్టిన యా పద్ధతిచొప్పున, ఏడాది కొకమాఱు ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రతి బాలుని చదువు, వ్రాత, లెక్కలయందు పరీక్షించును. హాజరునుబట్టి కొంత గ్రాంటు, పరీక్షలో నెగ్గిన ప్రతి విషయమునకును రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. తప్పినచో ఆ మేరకు కోత. ఫలిత మేమి? పిల్లలు వాచకమును కంఠస్థము చేసిరి. పుస్తకమును తలక్రిందుగ పట్టుకొనియు తడబడక చదివిన బాలుర కథలు నేటికిని చెప్పుకొందురు. స్వయముగ ఇన్‌స్పెక్టరైన మాథ్యూ ఆర్నాల్డు కవియే ఆ పద్ధతిని తీవ్రముగ నిరసించెను. మన మద్రాసు రాజధానిలోను ఇట్టి ఫలితపు గ్రాంట్లుండెను. ఇంటియొద్దనే అక్షరములు నేర్చి వచ్చిన బాలునకును, పలక యెఱుగని యింటినుండి వచ్చిన బాలునకును ఆ కొలత యొక్కటే యగుట దానియందలి పెద్ద లోపమని మా యభిప్రాయము.

మన రాష్ట్రములోనే ఇంతకన్న మేలైన ప్రయత్నము జరిగినది. 2005వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచబ్యాంకు కలిసి గ్రామములలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలయందు పరిశోధన సాగించినవి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు దానిని నడిపిరి. ముందుగ బాలురను పరీక్షించి, ఏడాది చివర మఱల పరీక్షించిరి. సగటు మార్కులు నూటికి 5 కన్న మించి పెరిగినచో, ఆపైన పెరిగిన ప్రతి వంతునకును ఉపాధ్యాయునకు 500 రూపాయల బహుమానము. 100 పాఠశాలలలో ఎవరి పిల్లల ఫలితమునుబట్టి వారికి, 100 పాఠశాలలలో బడి మొత్తపు ఫలితమునుబట్టి; మఱి 100 పాఠశాలలకు బహుమానము లేదు.

రెండేండ్ల పిమ్మట బహుమానము గల బడుల పిల్లలు తక్కినవారికన్న గణితమున ప్రామాణిక విచలనములో 0.27 వంతు, భాషలో 0.17 వంతు ముందుండిరి. అనగా గణితమున నూఱుగురిలో నడుమ నుండవలసిన బాలుడు సుమారు పదిమందిని దాటెనన్న మాట. బహుమానము లేని సామాన్యశాస్త్ర, సాంఘికశాస్త్రములలోను పిల్లలు మెఱుగుపడిరి గనుక ఇది వట్టి చిలుకపలుకు కాదని తోచుచున్నది. మఱియొక వింత: ఉపాధ్యాయుల హాజరు పెరుగలేదట! వచ్చిన దినములలోనే వారు అదనపు పాఠములు చెప్పి, ఇంటిపని యిచ్చి, అభ్యాస పరీక్షలు పెట్టిరి.

బహుమానపు రూకలకన్న ఆ మొదటి పరీక్షయే మాకు నచ్చినది. ఎచ్చట బయలుదేరెనో యెఱుగక ఎంత నడిచెనో చెప్పుట యెట్లు? అయినను ఇరువదిమంది గల తరగతిలో పరీక్షనాడు ఇద్దఱికి జ్వరము తగిలినచో సగటు తారుమాఱగును. ఒక్క యేటి లెక్కనుబట్టి ఉపాధ్యాయుని మెచ్చుటయు, దండించుటయు తగదు.

2005 నుండియే "అసర్" అను సర్వేవారు పల్లెలలో ఇంటింటికిని పోయి, ఒక్కొక్క బిడ్డచేత అక్షరములు, పదములు, ఒకటవ తరగతి పేరా, రెండవ తరగతి కథ చదివించి చూచుచుండిరి. మేమును ఆఱవ తరగతిలో చేరిన ప్రతి బాలుని జూనులో నొంటరిగ కూర్చుండబెట్టుకొని యీ మెట్లే యెక్కింతుము. అయిదు నిమిషముల పని.

నిరు డట్లు చూచినవారిలో నొకడు అక్షరములను గుర్తించెనేగాని పదము కూడదీయలేకపోయెను. మార్చిలో వాడే, పంక్తిమీద వ్రేలు జరుపుకొనుచు, కథ నంతయు చదివెను. అయినను తెలుగు పరీక్షలో వానికి వచ్చినవి 21 మార్కులు. రిపోర్టులో ఎఱ్ఱ గీత. వాని తండ్రి తాపీపని చేయును. "చదువు అబ్బనోణ్ణి బళ్లో ఉంచి ఏం లాభమండీ? నాతో పనికి తీసుకుపోతా" అనెను. మేము జూను కాగితమును, మార్చి కాగితమును ఆయన ముందుంచితిమి. ఆయనకు చదువు రాదు; కాగితములు చూచి యూరకుండెను. అప్పుడు బాలుని పిలిచి కథ చదివించితిమి. నడుమ రెండు చోట్ల ఆగెను, మఱల అందుకొనెను. తండ్రి తలపాగ తీసి చేతబట్టుకొని కడవఱకును వినెను.

"వీడే చదివాడా?" అని యడిగి, కొంతసేపటికి, "ఈ యేడు కూడా ఉండనివ్వండి" అనెను.

బాలు డిప్పుడు ఏడవ తరగతిలో నున్నాడు. రిపోర్టులో ర్యాంకు గడి తీసివేసి, ఆ చోట జూను మెట్టు, మార్చి మెట్టు వ్రాయవలెనని ఉపాధ్యాయుల సమావేశములో మేము కోరియున్నాము. ర్యాంకు లేనిచో తల్లిదండ్రు లొప్పుకొనరని కొందఱు సహోపాధ్యాయుల వాదము. ఈ పుటను చదువు తల్లిదండ్రులు తమ యభిప్రాయమును హెడ్మాస్టరుగారికి తెలుప గోరుచున్నాము.