తెల్లకారు మీద గీత

తెల్లరంగు కారు కొన్నవారిని ఎవరినైనా అడిగి చూడండి. "ఎండకు వేడెక్కదండీ" అంటారు. ఆ మాట నిజమే. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, నలుపు మింగుతుంది. మన గోదావరి జిల్లాల్లో మే నెలలో రెండు కార్ల మీదా చెయ్యివేసి చూచినవారికి ఆ తేడా చెప్పనక్కరలేదు. పైకి చెప్పని కారణం ఇంకొకటున్నది, అది దర్జా. అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా తెల్లటి అంబాసిడరు వీధి మలుపు తిరిగితే, కలెక్టరుగారో మంత్రిగారో వస్తున్నారని జనం పక్కకు తప్పుకున్న రోజులు మా వయసువాళ్లకు ఇంకా జ్ఞాపకమే. ఆ పరువు కొంత ఇప్పటి తెల్లకార్లకు వారసత్వంగా వచ్చింది.

పరువున్నచోట మచ్చ భయమూ ఉంటుంది గదా!

ఈ విషయంలో తెలుపు చిత్రమైన రంగు. తుడవగా తుడవగా సాలెగూడులాగా అల్లుకునే సన్నగీతలు నల్లకారు మీద వీధిదీపం వెలుగులో కొట్టవచ్చినట్లు కనిపిస్తాయి. తెల్లకారు వాటిని కడుపులో దాచుకుంటుంది. కాస్త లోతైన గీత పడిందా, దానిలో మట్టి చేరి కాటుకతో గీసినట్లు నల్లగా బయటపడుతుంది. చిన్న తప్పులన్నీ కప్పిపెట్టి పెద్ద తప్పుకు చాటింపు వేస్తుందన్నమాట.

పాలిష్ పెట్టి రుద్దితే గీత పూడిపోతుందని చాలామంది అనుకుంటారు. పూడదు. పాలిష్‌లో ఉండేది కంటికి కనిపించనంత మెత్తని గరుకుపొడి. అది గీతకు అటూ ఇటూ ఉన్న మంచిపూతను అరగదీసి, గీత అడుగుదాకా దించుతుంది. అప్పుడు గీత కనపడదు. ఇంతకూ ఆ పూత ఎంత మందమనుకున్నారు? రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, ఆ పైన ప్రైమరు, దానిపైన రంగు, అన్నిటికీ పైన అద్దంలాంటి క్లియర్‌కోటు. ఇవన్నీ కలిసి మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. అందులో క్లియర్‌కోటు సామాన్యంగా 40, 50 మైక్రానులు. చాలామంది తలవెంట్రుక అంతకన్న లావుగా ఉంటుంది. కొన్ని తెల్లబళ్లకు ఆ క్లియర్‌కోటు కూడా ఉండదు, రంగే పైపూత. రుద్దినప్పుడల్లా ఆ కాస్త నిలవలోంచే తీసి ఖర్చు పెడుతున్నాం.

ఇదంతా నేను కళ్లారా చూచింది రాజమహేంద్రవరంలో, మా ఆవిడ అన్నగారింట్లో. ఉద్యోగం నుంచి రిటైరయినాక కొన్న తెల్లకారు ఆయనది. దాన్ని రోజూ తెల్లవారుజామున కడగటానికి నెలజీతం మీద ఒక కుర్రవాడు వచ్చేవాడు. పదహారు పదిహేడేళ్లుంటాయి. మరో నాలుగిళ్లలో కూడా బళ్లు కడిగి, ఆ తరువాత కాలేజీకి పోయేవాడు.

నేను వెళ్లిన రోజున ఎడమవైపు వెనుక తలుపు మీద జానెడు పొడుగున మసక నల్లగీత కనబడింది. బావగారు ఆ కుర్రవాణ్ణి నిలబెట్టి అడిగారు.

"నా గుడ్డకు అంత గీత పడదండి" అన్నాడు వాడు.

"మరి ఆకాశం మీంచి ఊడిపడిందిట్రా?"

వాడు మారు మాట్లాడలేదు. బకెట్టు గోడవారగా పెట్టి వెళ్లిపోయాడు. గీత బాగుచేయించిన ఖర్చు చూచుకుని గాని ఆ నెల జీతం ఇచ్చేది లేదని బావగారు తీర్మానించారు.

సాయంత్రానికి రంగుల మేస్త్రీ వచ్చాడు. అరవై దాటినవాడు. వస్తూనే రుద్దుతాడనుకున్నాను. అతను కళ్లజోడు పెట్టుకుని, గీత మీద నీళ్లు చల్లి చూశాడు. తడిచోట గీత మాయమైతే గాటు పైపైనే ఉన్నట్టట. తరువాత వేలిగోరు అడ్డంగా నడిపి చూశాడు. గోరు తగులుకుంటే లోతున్నట్టట. సంచిలోంచి నల్లగుడ్డ తీసి, మూల ఒకచోట కాస్త పాలిష్‌తో రుద్దాడు. గుడ్డకు తెలుపు అంటలేదు. "క్లియర్ ఉందండి" అన్నాడు. అప్పుడు తెల్లగుడ్డకు చిటికెడు రబ్బింగ్ కాంపౌండు పూసి, గీత మీద నాలుగుసార్లు తేలికగా ఆడించి, గుడ్డను వెలుగులోకి ఎత్తి చూపించాడు.

"ఇది చాలావరకు గీత కాదండి బాబూ. అంటుకున్న రంగు."

గుడ్డ మీద ముదురాకుపచ్చ మరక! కాఫీ తెస్తున్న మా అక్కయ్యగారు ఆగి చూచి, "సంక్రాంతికి మన గేటుకు వేయించిన రంగు గదండీ ఇది!" అన్నది.

ఆ కుర్రవాడికి కారు తాళం ఎన్నడూ ఇచ్చింది లేదు. వాడు కారును నిలబెట్టినచోటనే కడుగుతాడు. ఆ కారు నడిపి గేటు దాటించేవారు ఆ ఇంట్లో ఒక్కరే. కాఫీ చల్లారిపోయేదాకా బావగారు మాట్లాడలేదు.

ఆకుపచ్చ అంతా పోయినాక అడుగున వెంట్రుకలాంటి గాటు ఒకటి మిగిలింది. గోరు తగులుతున్నది. "దీన్ని కూడా తీయలేవూ?" అన్నారు బావగారు. "తీయగలనండి. ఆ ఒక్కదాని కోసం చుట్టుపక్కలంతా పల్చబడిపోద్ది. మీద రంగు పెడదామంటే ఎండలో నానిన తెలుపుకి కొత్త తెలుపు కలవదండి, అతుకేసినట్టుంటాది. రేకు బయటపడలేదు, తుప్పు పట్టదు. ఇలా వదిలెయ్యండి" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు బావగారు ఆ కుర్రవాడి ఇల్లు వెతుక్కుంటూ తామే వెళ్లి, జీతం చేతిలో పెట్టి, పొరపాటు తమదేనని వాళ్ల అమ్మ ఎదుటనే చెప్పి వచ్చారు. వాడు డబ్బు పుచ్చుకుని "పరవాలేదండి" అన్నాడుట. తక్కిన నాలుగిళ్లకూ వస్తూనే ఉన్నాడు గాని, ఆ గేటు మాత్రం మళ్లీ తీయలేదు. ఇప్పుడు ఆ కారును బావగారే కడుక్కుంటున్నారు.

తెల్లకారున్నవారికి ఆ మేస్త్రీ చెప్పిన మాటలు నాలుగు పనికివస్తాయి. దుమ్మును పొడిగుడ్డతో తుడవకండి; ఆ దుమ్ములోని ఇసుకరేణువులే గీతలు గీసేది. ముందు నీళ్లు పోయండి. సబ్బునీళ్లకు ఒక బకెట్టు, గుడ్డ జాడించటానికి ఇంకొకటి పెట్టుకోండి. ఎండలో కాగిన రేకు మీద పాలిష్ పెట్టకండి. ఆయుధపూజనాడు పెట్టిన పసుపు మరక పడితే గోకకండి. నాలుగురోజులు ఎండలో ఉంచితే పసుపు దానంతట అదే వెలిసిపోతుంది. ఇక గీత ఏదైనా కంటబడితే, ముందు కళ్లజోడు, తరువాతే గుడ్డ.